5 లక్షల్లో, వరంగల్‌లోనే, జోకర్ హంతకుడి సినిమా తీయగలమా?

ముందు ప్రశ్నను కుదించి చెప్తా. హనుమకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: తెల్లరంగు పూసుకున్న జోకర్ ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయే స్లాషర్ కథ ఉంది, అందులో 9 హత్యలు. చేతిలో 5 లక్షలు, ఆరుగురు దోస్తులు, ఒక సోనీ కెమెరా. మే నెల సెలవుల్లో వరంగల్ చుట్టుపక్కలే తీసేద్దామనుకుంటున్నారు. అయ్యే పనేనా, రక్తం, మేకప్ ఎట్లా చేయాలి, తీశాక ఎక్కడ అమ్మాలి?

అవుతుంది తమ్ముడూ. కాకపోతే 9 హత్యలను 3 చెయ్, మొత్తం కథను ఒక్క చోటికి తెచ్చుకో, జోకర్‌తో ఒక్క మాట కూడా మాట్లాడించకు, మేలో మాత్రం తీయకు. ఎందుకో చెప్తా.

నేను మేకప్ మనిషిని. హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో పదకొండేళ్లు అసిస్టెంట్‌గా మేకప్ డబ్బా మోసి కాజీపేటకు తిరిగొచ్చాను. ఇక్కడి పిల్లలతో కలిసి ఇలాంటిదే ఒకటి తీశాం. 14 రాత్రులు, 78 నిమిషాల సినిమా, ఖర్చు 6 లక్షల 40 వేలు. అందులో లక్ష దాకా మా తెలివితక్కువకు కట్టిన ఫీజు. నీకు ఆ లక్ష మిగిలితే చాలు.

నువ్వు టెరిఫైయర్ అనే అమెరికా జోకర్ హంతకుడి సినిమా చూసి ఈ ఆలోచనకు వచ్చానన్నావు. మంచిదే. 2016 నాటి మొదటి భాగం లక్ష డాలర్లలోపే అయింది. రెండోది 2022లో రెండున్నర లక్షల డాలర్లతో తీస్తే కోటి డాలర్లు దాటింది. మూడోది 2024లో 20 లక్షల డాలర్లతో తీస్తే దాదాపు 9 కోట్ల డాలర్లు తెచ్చింది. ఈ అంకెలు చూసి అందరూ ఊగిపోతారు. వాటిలో కనపడనిది ఒకటుంది. డేమియన్ లియోన్ కథ రాసుకున్నాడు, డైరెక్ట్ చేశాడు, ఎడిటింగ్ చేశాడు, మొదటి రెండు భాగాల్లో మేకప్ ఎఫెక్టులు కూడా ఆయన చేతి పనే. అంటే అక్కడ అందరికంటే ఖరీదైన పనివాడికి కూలి లేదు. ఆర్ట్ అనే ఆ జోకర్ మొదటిసారి 2008లో ఒక షార్ట్ ఫిల్మ్‌లో కనిపించాడు. ఎనిమిదేళ్లు చిన్న చిన్న వాటిలో అరగదీసి ఆ ముఖాన్ని తయారుచేశాడాయన. నువ్వు రెండు నెలల్లో ఆ స్థాయి నరుకుడు చూపిస్తానంటే రబ్బరు తలకాయ రబ్బరు తలకాయలాగే కనిపిస్తుంది, జనం ఫోన్లు తీస్తారు.

ఒక్క హత్యకు ఎంత పని పడుతుందో లెక్క చెప్తా, అప్పుడు 3 ఎందుకన్నానో అర్థమవుతుంది. గొంతు కోసే షాట్. సెలైన్ పైపును మెడ వెనక నుంచి కాలర్ కిందుగా తెచ్చి, పల్చటి రబ్బరు చర్మం కింద దాచాం. రెండో కొస ఫ్రేమ్ బయట కూర్చున్న పిల్లగాడి చేతిలో, దానికి 50 ఎంఎల్ సిరంజి. మొదటి టేక్‌లో పైపు జారింది, రక్తం మెడ మీద కాకుండా లెన్స్ మీద పడింది. తుడిచి, అంగీ మార్చి, మెడ కడిగి, మళ్లీ అతికించేసరికి గంటంబావు. రెండో టేక్‌లో కోత కంటే ముందే రక్తం వచ్చింది. మళ్లీ గంటంబావు. మూడోది సరిగ్గా వచ్చేసరికి దూరంగా కోడి కూసింది, అది కూడా సౌండ్‌లో పడింది. ఒక హత్య, ఒక రాత్రి. 9 హత్యలంటే తొమ్మిది రాత్రులు కేవలం చంపడానికే పోతాయి. మరి చచ్చేవాళ్ల మీద మనకు ప్రేమ పుట్టే సీన్లు ఎప్పుడు తీస్తావ్?

ఒకే గుడ్డ తానులోంచి చచ్చేవాడికి మూడు జతల బట్టలు కుట్టించు. రెడీమేడ్ కొంటే రెండోసారికి ఆ రంగు దొరకదు. మేమొక నీలం చొక్కా కోసం జేపీఎన్ రోడ్డంతా తిరిగాం.

1978 నాటి హాలోవీన్ అనే అమెరికా స్లాషర్ సంగతి చూడు. 3 లక్షల డాలర్ల చిల్లరలో అయింది. హంతకుడికి ఒక నటుడి ముఖం అచ్చుతో దుకాణంలో అమ్మే చవక మాస్కు కొని, తెల్లరంగు కొట్టి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేశారు. కథ ఆకులు రాలే కాలంలో జరుగుతుంది, షూటింగ్ ఏమో వసంతకాలంలో. ఆకులకు రంగులేసి నేల మీద చల్లి, షాటవ్వగానే ఏరి సంచిలో వేసుకుని ఇంకో వీధికి పోయేవారు. ఆ సినిమాలో రక్తం చాలా తక్కువ. హంతకుడు పొద పక్కన ఊరికే నిలబడి చూస్తుంటాడు, మనకు చెమట పడుతుంది. నిలబడటానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు విషయం, నీ స్క్రిప్టులో నాకు తేడా కొట్టింది: నీ జోకర్ మనవాడు కాదు. ఎర్రజుట్టు, పెద్ద కాలర్, బెలూన్లు. ఇంగ్లిష్ సినిమాలు చూసినవాళ్లకు అది భయం. మన జనానికి జోకరంటే సర్కస్‌లో తన్నులు తినే బఫూన్, లేదంటే రమ్మీలో కలిసొచ్చే ముక్క. మేం మొదట అట్లాంటి వేషమే వేసి రెండు నిమిషాల టెస్ట్ తీసి మా ఇంట్లో చూపించాం. మా నాయనమ్మ చూసి, "ఎవలి పెండ్లికి వొచ్చిండు బిడ్డా, గీ ఏషమేంది?" అంది. నాలుగు వేలు పెట్టి తెప్పించిన విగ్గు ఆ మాటతో మూలకు పడింది.

కానీ పెండ్లి అన్న మాట నా బుర్రలో ఉండిపోయింది. మన దగ్గర జోకర్ ఎక్కడ కనిపిస్తాడు? ఫంక్షన్ హాల్ గేటు దగ్గర. పుట్టినరోజు, పట్టుచీరల ఫంక్షన్, రిసెప్షన్ ఏదైనా సరే, ఈవెంట్ వాళ్లు పంపిన ఒక మనిషి మెరుపుల బట్టలేసుకుని, పెద్ద తలకాయ తగిలించుకుని పిల్లలకు షేక్‌హ్యాండ్ ఇస్తుంటాడు. అందరూ వాడితో ఫొటో దిగుతారు, వాడి పేరు ఎవరూ అడగరు. అన్నం తిన్నాడో లేదో చూడరు. లోపల ఎవరున్నారో పిలిపించినవాడికే తెలీదు. రాత్రి ఒంటిగంటకు చుట్టాలంతా పోయాక, కుర్చీలు మడతపెట్టేవాళ్లు కూడా పోయాక, ఆ జోకర్ ఇంకా స్టేజీ మీద కూర్చునే ఉంటే? మా కథ అక్కడే మొదలైంది. అచ్చు దీన్నే దించెయ్యమనట్లేదు. నీ ఊళ్లో నువ్వు చూసిన జోకర్‌ను వెతుక్కోమంటున్నా. పైగా టెరిఫైయర్ ముఖాన్ని పోలిన మాస్కు ఆన్‌లైన్‌లో కొని వాడితే రేపు కాపీరైట్ గొడవ కూడా నీదే.

ఒక జాగ్రత్త. నేను కూడా మొదట పిట్టలదొర వేషాన్ని హంతకుడికి వేద్దామనుకున్నా. ఖాకీ కోటు, టోపీ, కట్టె తుపాకీ, ఆ గొప్పల కోతలు. తెర మీద అద్భుతంగా ఉండేది. తర్వాత మానేశా. అది ఊరూరా తిరిగి పొట్టపోసుకునే కళాకారుల వేషం. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో పుకారు పుట్టి మన తెలంగాణలోనే అమాయకుల్ని కొట్టి చంపారు. ఊరికి కొత్తవాళ్లు, దేశదిమ్మరులు ఎవరైనా సరే, మొదటి దెబ్బ వాళ్లకే. ఆ వేషం వేసి హంతకుడని చూపించడానికి నాకు మనసొప్పలేదు. నీకు వేరే అభిప్రాయం ఉంటే నీ ఇష్టం.

అదే పుకారు భయం మా షూటింగ్‌లోనూ తగిలింది. ధర్మసాగర్ దిక్కు ఒక మామిడి తోటలో తీస్తున్నాం. రాత్రి మూడింటికి జోకర్ వేసే పిల్లగాడు చాయ్ కోసం మేకప్‌తోనే, ఒంటి మీద రక్తంతోనే బండేసుకుని రోడ్డెక్కాడు. అటు నుంచి కూరగాయల ట్రాలీ వస్తోంది. డ్రైవర్ చూసి బండాపి, పక్కనున్నవాళ్లను లేపి కట్టెలు పట్టుకున్నాడు. మావాడు "అన్నా, సినిమా, సినిమా" అని అరుస్తుంటే వాళ్లకు ఇంకా అనుమానం పెరిగింది. మేం పరుగెత్తి పోలీసులకిచ్చిన లెటర్ చూపించేసరికి రెండు దెబ్బలు పడనే పడ్డాయి. అందుకే వేషం వేసినవాడు సెట్ దాటకూడదు, దాటితే పైన దుప్పటి, పక్కన ఇద్దరు. లోకల్ పోలీస్ స్టేషన్‌లో తేదీలు రాసి లెటర్ ఇచ్చి, ముద్ర వేసిన కాపీ అందరి ఫోన్లలో పెట్టుకోండి. ఊరి సర్పంచ్‌కు, తోట పక్క ఇళ్లవాళ్లకు కూడా చెప్పండి. ప్రమోషన్ పేరుతో జోకర్ వేషంలో రోడ్డు మీద జనాన్ని భయపెట్టే ప్రాంక్ వీడియోలు అసలొద్దు.

లొకేషన్లకు వేయి స్తంభాల గుడి, కోట, రామప్ప అని రాశావు. అవన్నీ పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు, అనుమతి ఢిల్లీ దాకా పోయే వ్యవహారం. అయినా గుడిలో హత్య సీనేంది తమ్ముడూ, వదిలెయ్. కాజీపేట రైల్వే యార్డ్ కూడా అంతే, దొంగచాటుగా తీస్తే కెమెరాతో పాటు మీరూ లోపలికే. ఫంక్షన్ హాల్ పట్టుకో. దానికొక కిటుకుంది: పుష్యమాసంలో పెండ్లిళ్లుండవు, హాళ్లన్నీ ఖాళీ. మామూలు రోజుల్లో మాట్లాడనివ్వని ఓనరు అప్పుడు కరెంటు బిల్లు, వాచ్‌మన్ ఖర్చు ఇస్తే చాలంటాడు. మాకు తొమ్మిది రాత్రులకు 45 వేలకు దొరికింది. హాల్లో బాత్రూములు, మేకప్‌కు పెండ్లికూతురి గది, వంటకు షెడ్డు అన్నీ ఉంటాయి. జనరేటర్ అక్కర్లేదు, దాని మోత కూడా ఉండదు.

ఇక మేకప్. పుష్యమాసమే ఎందుకంటే చలికాలం కాబట్టి కూడా. మేలో మన దగ్గర 44, 45 డిగ్రీలు. తెల్ల గ్రీజ్ పెయింట్ అరగంటలో కరిగి కళ్లల్లోకి దిగుతుంది. జెలటిన్‌తో చేసిన గాయాలైతే ముఖం మీదే జారిపోతాయి, నేను చూశాను, చెంప మీది కోత గదవ దాకా వచ్చింది.

తెలుపు పల్చగా రాయాలి. చాలామంది సున్నం కొట్టినట్టు కొడతారు, నవ్వగానే పగుళ్లు. వేళ్లతో చిన్నగా తట్టుకుంటూ పోతే చర్మంలో కలుస్తుంది. తర్వాత ఉతికిన కాటన్ సాక్స్‌లో టాల్కం పౌడర్ పోసి ముడేసి, దాంతో ముఖమంతా మెత్తగా కొట్టాలి. ఐదు నిమిషాలాగి బ్రష్‌తో దులిపితే రాత్రంతా కదలదు. దించేటప్పుడు సబ్బు కాదు, ముందు కొబ్బరినూనె. పోస్టర్ కలర్, హోలీ రంగు, గోడల పెయింట్ ముఖానికి తగలనీయొద్దు. వెనకటి భాగోతాల్లో అర్దళం పూసుకునేవారని ఎవరో పెద్దాయన చెప్తే నీలాంటి పిల్లగాడొకడు కొనుక్కొచ్చాడు. అది ఆర్సెనిక్ అనే విషం ఉన్న రాయి. అప్పటివాళ్లకు వేరే దారి లేదు, మనకుంది. లేటెక్స్ వాడేముందు ముందురోజే మోచేతి లోపల ఒక చుక్క పెట్టి చూడు, కొందరికి పడదు.

రక్తం సినిమా దుకాణంలో కొనకు, లీటర్లు కావాలి నీకు. బేకరీ సామాన్లమ్మే చోట లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లతో కొంచెం జారుగా చేసి, ఎరుపు ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి, నీలం ఒక్కటంటే ఒక్క చుక్క. కోకో లేకపోతే కెమెరాలో రూహఫ్జాలాగా కనిపిస్తుంది. నీ లైట్ కిందే, నీ కెమెరాతోనే చూసి సరిచేసుకో, కంటిని నమ్మకు. బట్టల మీద పోసేదాంట్లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలేస్తే మరక తొందరగా వదులుతుంది. నోట్లో పెట్టుకునేది మాత్రం వేరే సీసా, మీద పెద్దగా రాసి పెట్టు.

మావాడొకడు ఖర్చు తగ్గిద్దామని చపాట మిర్చి పొడి నానబెట్టి రంగు తీశాడు. మన వరంగల్ చపాటకు 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, ఎరుపంటే అదే ఎరుపు, కారం తక్కువ. తక్కువన్నది కూరకు. కంట్లో పడ్డ అమ్మాయి ఆ రాత్రి ఇంక నటించలేదు, మర్నాడు కూడా రాలేదు. ఇంకోటి, ఇదంతా తీపి. నేల మీద శవంలా పడుకున్నవాడిని పావుగంటలో చీమలు పట్టేస్తాయి. శవం చుట్టూ పసుపు గీత గీసి పడుకోబెట్టాం, చూడ్డానికి ముగ్గు మధ్యలో పెట్టినట్టుండేది.

కత్తి. ఇక్కడ మాత్రం బేరం లేదు. అసలు కత్తి సెట్‌లోకి రాకూడదు, క్లోజప్‌కు కూడా. "ఒక్క షాట్‌కే కదా, మెరుపు కనిపించాలి" అని మేం కొబ్బరిబోండాల కత్తి తెచ్చాం. అసిస్టెంట్ దాన్ని అందించబోయి అరచెయ్యి కోసుకున్నాడు, నాలుగు కుట్లు. ఆస్పత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టర్ వాడిని చూసి హడలిపోయాడు. ఒళ్లంతా మా గ్లూకోజ్ రక్తమే, అసలు గాయం ఎక్కడుందో తెలియక చొక్కా కత్తిరించి మొత్తం కడగాల్సొచ్చింది. వాడేమో నొప్పితో అరుస్తూనే "సార్, ఇది ఉత్తదే, ఇది ఉత్తదే" అంటున్నాడు. రబ్బరుది ఒకటి, అంచు మొద్దు చేసిన అల్యూమినియంది ఒకటి చేయించు. కార్పెంటర్, వెల్డింగ్ దుకాణం ఏదైనా చేసిపెడుతుంది.

మిగిలిన డబ్బు సౌండ్ మీద పెట్టు. పొడుపు చప్పుళ్లకు కూరగాయల మార్కెట్ చాలు. ములక్కాడ విరిస్తే వేలు, చెరకుగడ విరిస్తే ముంజేయి, సగం కోసిన పుచ్చకాయలో తడిగుడ్డ చుట్టిన చెయ్యి దూరిస్తే కడుపు. హిచ్‌కాక్ 1960లో తీసిన సైకో సినిమా స్నానాల గది సీన్‌కు కత్తిపోటు చప్పుడు ఖర్బూజాతోనే పట్టారు, మనమేం తక్కువ. జోకర్ మూగవాడైతే డబ్బింగ్ ఖర్చు పోతుంది, ఇంకా ముఖ్యంగా వాడికొక చప్పుడు ఇవ్వొచ్చు. మేం ఐనవోలు జాతరలో పది రూపాయలకు అమ్మే పీపీ ఇచ్చాం. మొదటిసారి పిల్లల్ని నవ్వించడానికి ఊదుతాడు. మూడోసారి ఖాళీ హాల్లో ఎక్కణ్నుంచో వినిపిస్తుంది. హనుమకొండలో ఒక మిత్రుడి హాల్లో అరవైమందికి వేసి చూపించినప్పుడు అరుపులు వచ్చింది హత్యలకు కాదు, ఆ పీపీకి.

అమ్మకం గురించి చేదు మాట. థియేటర్‌కు పోవాలంటే సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు. 2023 సవరణ తర్వాత యూఏలో 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి, స్లాషర్‌కు మంచిగా ఉంటే యూఏ 16 ప్లస్, లేకపోతే 'ఏ', అంటే పెద్దలకు మాత్రమే. 'ఏ' వస్తే టీవీకి నేరుగా అమ్ముకోలేవు, కోతలు పెట్టి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. యూట్యూబ్‌లో పెడితే నరుకుడు చూసి వయసు పరిమితి వేయొచ్చు, అప్పుడు ప్రకటనలు బాగా తగ్గుతాయి లేదా అసలే రావు, థంబ్‌నెయిల్‌లో రక్తమున్నా అదే గతి. మా సినిమాను ఒక మధ్యవర్తి ఓటీటీకి ఇప్పిస్తానని మాస్టర్ ఫైలు తీసుకున్నాడు. ఎనిమిది నెలలకు 11 వేలు వేశాడు, తర్వాత ఫోనెత్తలేదు. ఎన్నిసార్లు చూశారో లెక్క చూపించే మాట కాగితం మీద లేకుండా ఫైలు ఇవ్వకు. డబ్బు తిరిగొస్తుందనే లెక్కతో అయితే ఆ 5 లక్షలు దించకు, ముఖ్యంగా అందులో మీ నాయన పైసలుంటే.

నాకు మిగిలిందేంటంటే ఆ గొంతు కోత షాట్. అది చూసి హైదరాబాద్ నుంచి రెండు వెబ్ సిరీస్‌లకు పిలుపొచ్చింది, జోకర్ వేసిన పిల్లగాడికి కూడా పని దొరికింది. పైసలు కాదు గానీ పని తెచ్చింది.

ఇప్పుడు పుష్యమాసానికి టైముంది. ఈలోపు ఒక పని చెయ్. ఖర్చు రెండు వేలు దాటదు. నీ జోకర్‌కు వేషం వేసి, ఖాళీ గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టు. ఒకే షాట్, రెండు నిమిషాలు. కత్తి వద్దు, రక్తం వద్దు, మ్యూజిక్ వద్దు. వాడు కెమెరాను చూస్తూ ఉండాలి, చివర్లో ఒక్కసారి తల కొద్దిగా వంచాలి, అంతే. దాన్ని మీ దోస్తులకు చూపించకు, వాళ్లు "సూపర్ మామా" అంటారు. ఇంట్లో అమ్మకు, పక్కింటి అత్తకు, కిరాణా కొట్టు ఆయనకు చూపించు. నవ్వితే ముఖం మార్చి మళ్లీ తియ్. "ఆపెయ్ బిడ్డా, మంచిగ లేదు" అన్నారనుకో, అప్పుడు ఫంక్షన్ హాల్‌కు అడ్వాన్సివ్వు.